రాతిలో చెవి

నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన తగిలితే నాకు మా అత్త టేబుల్ గుర్తొస్తుంది. ఆమె శిలాజాలకి పూసే జిగురుకి అదే వాసన. అత్త జియాలజీలో పరిశోధన చేసేది. కొవ్వూరు దగ్గర క్వారీలో ఆమెకొక స్కాలప్ శిలాజం దొరికింది. విసనకర్రలా విచ్చుకున్న ఆ ఆల్చిప్ప జాతి ఎప్పుడో అంతరించిపోయిందట. దానికింకా ఎవరూ పేరు పెట్టలేదట.

అప్పుడు నాకు ఏడేళ్లు. మర్నాడు రాజమండ్రిలో నా ఎడమ చెవికి ఆపరేషన్. అత్త సూదితో రాయి గీకుతుంటే పక్కనే నిలబడ్డాను.

"ఇదేంటత్తా?" అన్నాను, చిప్ప మొదట్లో ఉన్న చిన్న రెక్కని చూపించి.

"చెవి. రెండోది ఇంకా రాతిలోనే ఉంది. అది విరిగిందంటే ఏ జాతో తేల్చలేం. ఇక దీనికి పేరుండదు."

సూది కదిలినప్పుడల్లా నా చెవిలోనే గీకుతున్నట్టుంది. ఇంతలో ఒక ముక్క ఊడి టేబుల్ మీద పడింది.

"రేపు నా చెవి విరిగితే నాకూ పేరుండదా అత్తా?"

అత్త సూది పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి తీసుకుంది. "ఊడింది ఉత్త రాయమ్మా. నీ పేరు నేను పెట్టిందే. అదెక్కడికీ పోదు."

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఆల్చిప్పకీ పేరొచ్చింది. కానీ నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేదాకా అత్త మళ్లీ ఆ సూది ముట్టుకోలేదు. పని మీద విసుగొచ్చిందేమో అనుకున్నాను. నాకు ధైర్యం చెప్పిన ఆమెకే చేతులు నిలకడగా లేవని ఇప్పుడు అర్థమవుతోంది.