తొమ్మిదో గది

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ మంగళవారం ఉదయం, నీళ్ల ట్యాంకర్ పదిన్నరకు వస్తుందన్న కబురు కిందే ఆరో అంతస్తు ఆయన పోయారన్న కబురు వచ్చింది. రెండూ సెక్రటరీగారు పెట్టినవే. పన్నెండు రోజులుగా ఆయన ఆసుపత్రిలో ఉన్నారు కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాను.

ఆయన ఈ పుప్పాలగూడలోనే పుట్టారు. మా టవర్లున్న చోట ఆయన చిన్నప్పుడు పెద్ద పెద్ద బండలుండేవట. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన పని, ఏ ప్రోగ్రాము ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం. సెలవు రోజుల్లో రాసేవి వేరే పుస్తకాలు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే సాహసాల ఆట ఒకటుంది. ఒకరు ఆట నడుపుతూ ఎదురుగా ఏముందో చెబుతారు. మిగతావాళ్లు తాము ఏం చేస్తారో చెబుతారు. అది జరుగుతుందో లేదో తేలనప్పుడు పాచికలు వేస్తారు. ఆ నడిపేవారి చేతిలో ఉండే పుస్తకాలు ఆయన రాసేవారు.

ఆరేళ్ల కిందట మా మనవరాలు ఆ ఆటకని ప్రతి శనివారం ఆరో అంతస్తుకు వెళ్లేది. లెక్కల్లో మార్కులు తగ్గాయి. పిల్లలకు ఏం నేర్పుతున్నారో అడుగుదామని పైకి వెళ్లాను. ఆయన వాదించలేదు. కుర్చీ చూపించి, ఒక పుస్తకం నా చేతిలో పెట్టారు.

“చదివి చెప్పుండ్రి అమ్మా. తప్పనిపిస్తే బంద్ చేస్త.”

ఆడిట్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసినదాన్ని, పెన్సిలు లేకుండా చదవలేను. రెండు రోజులకు నలభై మూడు గుర్తులతో తిరిగిచ్చాను. కోట పటంలో పన్నెండు తలుపులుంటే రాతలో పదకొండే ఉన్నాయి. ఆరో పేజీలో చచ్చిపోయిన కాపలాదారు పంతొమ్మిదో పేజీలో నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్కొక్క గుర్తూ చూసి, ఇన్ని రోజులు ఎవ్వరూ చెప్పలేదని నవ్వారు. ఇక నేను చూడనిదే ఏ పుస్తకమూ అచ్చుకు పోదన్నారు. మా మనవరాలి శనివారం ఆట కూడా సాగింది, లెక్కలు చేసిన తర్వాతే.

అలా ఆరు పుస్తకాలు చూశాను. మామూలు కథలా మొదటినుంచి చివరిదాకా చదువుకుంటూ పోయే పుస్తకాలు కావవి. కావలసింది చటుక్కున దొరకాలి. ఐదుగురు మన ముఖంలోకి చూస్తుంటే పేజీలు తిప్పే వ్యవధి ఉండదు. అందుకని ఆటలో వచ్చే ఒక్కో గది సంగతంతా ఎదురెదురు రెండు పేజీల్లో ముగియాలనేవారు. దానికోసం ఎంత మంచి వాక్యాన్నైనా కొట్టేసేవారు. ప్రతి గదికీ మొదట గీతలు గీసిన ఒక చట్రం ఉంటుంది. అందులోని మాటలు ఆడేవాళ్లకు పైకి చదవాలి. కింద ఉన్న రహస్యాలు నడిపేవారికి మాత్రమే. చట్రంలో మూడు వాక్యాలకు మించి రాసేవారు కాదు. నాలుగోదానికి ఆడేవాళ్లు ఫోన్లు తీస్తారని ఆయన అనుభవం.

ఆ చట్రాలు నాకు మొదట్లో చప్పగా అనిపించాయి. ఒకదాన్ని నేనే తిరగరాసి ఇచ్చాను. చీకటిని చూసి మీ గుండె జల్లుమంది, అని. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

“చీకటున్నదని చెప్దాం అమ్మా. గుండె సంగతి వాళ్లే చెప్తరు. ఏమున్నదో చెప్పుడే మన పని.”

నాకు కొంచెం కోపం వచ్చింది. వారం రోజులు పైకి వెళ్లలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అలా రాయలేదు.

ఆదివారాలు పొద్దున ఆయన ఖాజాగూడ బండల దగ్గరకు వెళ్లి, పైకే లెక్కపెట్టుకుంటూ వాటి మధ్య దూరాలు అడుగులతో కొలిచేవారు. ఒకసారి నేనూ వెళ్లాను. నీడ చూసుకుని కూర్చుంటే ఆయన అటునుంచి అంకెలు చెప్పారు, నేను రాసుకున్నాను. వాకింగ్‌కు వచ్చినవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. లేని కోటకు ఈ కొలతలెందుకండీ అని అడిగాను.

“కోట అబద్ధమే. నడక నిజం ఉండాలె,” అన్నారు.

దిద్దుబాట్లకు ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు వాడేవారు. నీలం టిక్కు పెడితే చూశారని అర్థం, ఎరుపు టిక్కు పెడితే ఒప్పుకున్నారని. టీ గ్లాసు మీద సాసరు మూసి, పనిలో పడి మరిచిపోయేవారు. వాళ్లావిడ వచ్చి చల్లారిన గ్లాసు తీసుకుపోవడం ఎన్నోసార్లు చూశాను.

మాకు తెగని తగవు ఒకటే. ఒక గది ఖాళీగా వదిలితే నడిపేవారు తమ ఊహతో నింపుకుంటారని ఆయన అనేవారు. పటంలో అంకె ఉంటే కింద రాత ఉండి తీరాలని, ఏమీ లేకపోతే ‘ఇక్కడ ఏమీ లేదు’ అనైనా రాయాలని నేను. ఐదు పుస్తకాల్లో నా మాటే చెల్లింది.

ఆరోది బండల కింద కోట. పద్నాలుగు గదులు. తొమ్మిదో గది దగ్గర చట్రం మాత్రం ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. ‘వివరణ ఏది?’ అని పక్కన రాసి పంపాను. అప్పటికే ఆయన ఆసుపత్రిలో చేరారు. నాలుగు రోజులకు వాళ్లావిడ ఆ కాగితాలు తెచ్చిచ్చింది. మిగతా అన్నిటికీ ఎరుపు టిక్కు. నా ప్రశ్న పక్కన నీలం టిక్కు. ఇంటికి వచ్చాక అడగవచ్చులే అనుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ మా ఇంటికి వచ్చింది. తొమ్మిదో గదిలో ఏం వేయాలని ప్రెస్సువాళ్లు అడుగుతున్నారట.

“మర్చిపోయిండో, కావాల్నని ఇడిశిపెట్టిండో నాకు తెల్వది అమ్మా. మీరు ఎట్లంటె అట్లనే.”

మూడు వాక్యాలే కదా, ఆయన పద్ధతి నాకు తెలుసు, నేను రాస్తానంది మనవరాలు. ఆయన రాయనిది ఆయన పేరు మీద వేయడానికి వీల్లేదన్నాను. ‘ఇక్కడ ఏమీ లేదు’ అని కూడా ఆయన రాయలేదు. ఆ పేజీ ముందు పెట్టుకుని ఒక రోజంతా కూర్చున్నాను. అది మరుపే అయితే ఆయన చివరి పుస్తకంలో తప్పును నేనే అచ్చు వేయించినదాన్నవుతాను. కావాలని వదిలింది అయితే, నింపితే ఆయన మాట చెరిపేసినదాన్నవుతాను. సాయంత్రానికి ‘ఉన్నది ఉన్నట్టే వేయండి’ అని రాసి సంతకం పెట్టాను. ఖాళీగా ఉన్నదానికి నేను సంతకం పెట్టడం అదే మొదటిసారి.

మొన్న శనివారం మధ్యాహ్నం అచ్చయి వచ్చిన ఆ పుస్తకంతో ఆయన ఇంట్లోనే, ఆయన బల్ల దగ్గరే పిల్లలు ఆట పెట్టుకున్నారు. ఆవిడే రమ్మంది. మనవరాలు నడిపింది. ఐదు గంటలవుతుండగా వాళ్లు తొమ్మిదో గది తలుపు తీశారు. మనవరాలు పేజీ చూసి, నావైపు తిరిగింది.

“అమ్మమ్మా, ఇక్కడ నువ్వు చెప్పు.”

అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. ఎక్కువ వ్యవధి లేదు.

“గది చిన్నది. కిటికీ దగ్గర ఒక కుర్చీ, బల్ల ఉన్నాయి. బల్ల మీద ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు, సాసరు మూసిన టీ గ్లాసు ఉన్నాయి.”

ఎదురుగా కూర్చున్న అమ్మాయి, లోపల ఎవరన్నా ఉన్నారా అని అడిగింది. లేరన్నాను.

“టీ ఇంక వేడిగుందా?”

“సాసరు తీసి చూడాలి,” అన్నాను.

ఆ అమ్మాయి బల్ల మీదికి చెయ్యి చాపి, అక్కడ లేని సాసరును రెండు వేళ్లతో మెల్లగా ఎత్తింది.