రాసే గుంపు, మాట్లాడే గుంపు

తొమ్మిదో ఏట నాకు మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వినికిడి తిరిగి రాలేదు. అప్పటికే మాటలూ చదువూ వచ్చేశాయి కాబట్టి ఆ రెండూ నిలిచాయి. పెదాలు చూసి మాట పట్టుకోవడం మా అమ్మే నేర్పింది. వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, నోరు మాత్రం కదుపుతూ కూరగాయల పేర్లు చెప్పేది. చెప్పింది తీసి నేను చేతికివ్వాలి. బీరకాయకూ మిరపకాయకూ పెదాలు మొదట్లో ఒకేలా కలుసుకుంటాయి. ఆ రెండింటి దగ్గరే నేను చాలా రోజులు తప్పాను.

మాట వచ్చన్నానే గానీ, నా గొంతు నాకే వినపడదు కాబట్టి అది ఎటు పోతోందో తెలియదు. ఒకచోట కీచుమంటుందట, ఇంకోచోట అణిగిపోతుందట. రావులపాలెంలో డిగ్రీ చదివేటప్పుడు నేను తరగతిలో లేచి ఒక జవాబు చెప్పాను. తిరిగి కూర్చుంటూ చూస్తే, వెనక బెంచీలో ఒకమ్మాయి మెడ సాగదీసి నాలాగే నోరు తిప్పుతోంది, పక్కవాళ్ళు నవ్వుతున్నారు. ఆ రోజు నుంచి ఇంటి గడప దాటితే మాట్లాడటం మానేశాను.

డిగ్రీ ఫలితాలు చూడటానికి నాన్న నన్ను ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్ళారు. ఆయన అరటి మార్కెట్లో గెలల వ్యాపారం చేసేవారు. నేను పాసయ్యానని చూసుకుని ఆయన మార్కెట్‌కి వెళ్ళిపోయారు. ఇంకా కొంచెం టైము మిగిలి ఉంది. ఏవేవో నొక్కుతూ పోతే తెలుగు వంటల గుంపు ఒకటి కనిపించింది. అందరూ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. ఎవరో ఒకావిడ అడిగింది, అరటిపువ్వు కూర నల్లబడకుండా ఎలా చేయాలండీ అని.

అది నాకు తెలుసు. ఒక్కో చిన్న పువ్వులోంచి గట్టిపుల్లను లాగేసి, తరిగిన వెంటనే పల్చటి మజ్జిగలో వేయాలని, వేళ్ళకు ముందే నూనె రాసుకోవాలని, మా అమ్మ చేసే పద్ధతంతా ఒక పేజీ రాశాను. మర్నాడు వెళ్ళి చూస్తే దాని కింద నాలుగు జవాబులున్నాయి. ఒకరు రాశారు: "మీరు పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉందండీ."

ఆ వాక్యం చదివి నేను సెంటరు బల్ల మీదికి తల వంచేసుకున్నాను. నేను మాట్లాడితే ఒకరికి బాగుంది!

ఆ గుంపును రాజమండ్రిలో ఉండే రిటైరైన లెక్చరరు గారొకరు నడిపేవారు. అక్కడ పోట్లాటలు కూడా మర్యాదగానే జరిగేవి. పులుసులో బెల్లం వేయాలా వద్దా అని పదిరోజులు వాదించుకున్నారు. "క్షమించాలండీ, మీ నాలుక అలా అలవాటు పడిపోయి ఉంటుంది" అన్నదే అందులో అతి పెద్ద తిట్టు. ఒకరు ప్రశ్న అడిగితే జవాబుకు ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. ఎవరూ తొందరపడేవారు కాదు. నాకు వినపడదని వాళ్ళెవరికీ తెలియదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

తరవాత నేను పెళ్ళిపత్రికలు కంపోజు చేసే డీటీపీ సెంటర్లో చేరాను. కొన్నాళ్ళకు తెలుగు అక్షరాలు నేరుగా తెరమీదికి వచ్చాయి. గుంపులో తెలుగులో రాసిన మొదటి నలుగురైదుగురిలో నేనొకదాన్ని. మిగతావాళ్ళకు టైపింగ్ నేర్పింది కూడా నేనే. "టీచరు గారూ" అని పిలిచేవారు కొందరు.

ఆపైన అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. గుంపు పల్చబడింది. ఒకరోజు లెక్చరరు గారు ప్రకటన పెట్టారు, ఈ చోటు మూసేస్తున్నామని, అందరూ నంబర్లు ఇస్తే ఫోనులో గ్రూపు కడతానని. నేనూ ఇచ్చాను. మొదట్లో బాగానే ఉంది. వండిన కూర పొగలు కక్కుతుండగానే ఫొటో వచ్చేది. కానీ దాని కింద ఉత్తరం ఉండేది కాదు. బొటనవేలి బొమ్మ, చప్పట్ల బొమ్మ, "సూపర్". కొన్నాళ్ళకు ఆ మాటలు కూడా పోయి వాయిస్ మెసేజీలు మొదలయ్యాయి. ఒక చిన్న త్రికోణం, దాని పక్కన ఎగుడుదిగుడు గీతలు. గీతలు పొడుగ్గా ఉన్నచోట నవ్వి ఉంటారని ఊహించుకునేదాన్ని.

అమ్మను అడిగేదాన్ని. ఆవిడ స్టవ్ తగ్గించి వచ్చి, ఫోను చెవికి ఆనించుకుని విని, నా వైపు తిరిగి నెమ్మదిగా పెదాలతో చెప్పేది. అలా వింటూ అమ్మ ఒకావిడకు అభిమాని అయిపోయింది. ఆవిడ కొత్తగా చేరిన మనిషి. సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉంటుంది, భర్త వేటకు వెళతాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది. ఉన్న మెసేజీలన్నింటిలోకీ పొడుగైనవి ఆవిడవే.

"ఏం గొంతే ఆవిడది! ఎదురుగాలిలో నిలబడి పిలుస్తున్నట్టుంటుంది" అనేది అమ్మ.

కానీ అమ్మకు మాత్రం ఎంత తీరిక ఉంటుంది? రోజుకు నలభై మెసేజీలు. చివరికి నేను గ్రూపులో రాశాను: "దయచేసి కొంచెం రాయండి. వాయిస్ వినడం నాకు కుదరడం లేదు."

"రాసే ఓపిక ఎవరికుందండీ ఈ రోజుల్లో" అని ఒకరు జవాబిచ్చారు. దానికి ఆరుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. అందులో ఇద్దరికి నేనే టైపింగ్ నేర్పాను. వినపడదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అన్నేళ్ళుగా అక్కడ నేను అందరిలాంటి దాన్నే. అది వదులుకోవాలనిపించలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాను.

రెండు రోజులకు ఆ చేపలావిడ నుంచి నాకు విడిగా త్రికోణం వచ్చింది. అమ్మ దాన్ని రెండుసార్లు వింది.

"ఏమంది?" అన్నాను.

"నా మూలంగా వెళ్ళిపోయావా అమ్మా అంటోంది. ఆవిడకు చదువూ రాయడమూ రాదంట. ఈ వాయిస్ వచ్చాకే నలుగురిలో మాట్లాడగలుగుతున్నానంటోంది. రాయండీ అని నువ్వు పెట్టింది పక్కింటామె చదివి చెబితే, తనను వద్దన్నట్టు అనిపించిందంట."

నాకు సిగ్గేసింది. నన్ను బయటికి నెట్టిందనుకున్న ఆ త్రికోణమే ఆవిడకు తలుపు తీసిందని నాకు తోచనే లేదు. అమ్మ నా మొహం చూసి, నన్నడక్కుండానే ఫోనులో చెప్పేసింది: "అయ్యో, అదేం లేదండీ. మా అమ్మాయికి వినపడదు."

మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం పనిలో ఉండగా మెసేజీ వచ్చింది. త్రికోణం కాదు, అక్షరాలు!

"అమ్మాయ్ నేనే ఈరోజు చందమామని కోసి ఉప్పు కారం పెట్టాను ఎల్లుండి పులుసు వస్తుంది గోదాట్లో ఎదురీదుతా."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఇంటికెళ్ళి అమ్మకు చూపించాను. కాసేపటికి అమ్మకు వెలిగింది. చందమామ కాదు, చందువా చేప. పులుసు కాదు, పులస చేప! ఇద్దరం నవ్వీ నవ్వీ అక్కడే కూర్చుండిపోయాం. ఫోన్ల షాపులో అడిగితే, కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుందని ఆవిడకు చూపించారట. నేను రాసినదాన్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా చేయించుకుంది. దానికే మూడు రోజులు పట్టింది.

ఆవిడను నేను అత్తా అనడం అప్పుడే మొదలైంది. రోజూ రాసుకున్నాం. నేను అరటిబోదె లోపలి దూటతో చేసే కూర గురించి చెబితే, ఆవిడ మెత్తళ్ళనే చిన్నచేపల గురించి చెప్పేది. ఒకసారి ఇలా వచ్చింది: "నీ గొంతు మెత్తగా ఉంటాదమ్మా. కాపోతే కొంచెం పట్నం గొంతు."

"అది నా గొంతు కాదత్తా, ఫోనుది" అని రాశాను.

"తెల్సు. అయినా అది పలికితే నువ్వు పలికినట్టే నాకు."

ఆ తరవాతి ఎండాకాలం అమ్మా నేనూ బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాం. ఇసకలో వలల మీద మెత్తళ్ళు ఎండబోసి, గొడుగు కింద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. చేతులు ఉప్పుతో గరుగ్గా ఉన్నాయి. ఏదో గబగబా చెప్పింది. నోట్లో ఆకూ వక్కా, పైగా మాట్లాడుతూ మాట్లాడుతూ సముద్రం వైపు తిరుగుతుంది. నాకు ఒక్క ముక్క దొరకలేదు. ఫోను తీశాను.

"పక్కనెట్టమ్మా దాన్ని" అంది. ఈసారి ఆకు ఉమ్మేసి, నాకు ఎదురుగా నిలబడి చెప్పింది కాబట్టి అర్థమైంది.

ఇంటి బయట నేను నోరు తెరిచి చాలా ఏళ్ళయింది. అన్నాను: "ఎన్ని ఎండలు పెట్టాలి అత్తా?"

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "ఏంటమ్మా?" అమ్మ నా తరఫున చెప్పబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ తల అడ్డంగా ఊపి, దగ్గరగా వచ్చింది. ఆ మొహంలో నవ్వు లేదు, జాలి లేదు. బేరం సరిగ్గా వినపడకపోతే మనిషి ఎలా ముందుకు వంగుతుందో అలా వంగింది. మూడోసారి అన్నాను.

"ఆఁ, ఎండలా! రెండెండలు" అని రెండు వేళ్ళు చూపించింది. "రెండో ఎండ మద్దేనానికి తిరగెయ్యాల."

ఆ సాయంత్రం బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం చూశాను. నేను మాత్రం వచ్చేవారం మళ్ళీ వెళ్ళి ఏమేం అడగాలో లెక్కపెట్టుకుంటున్నాను.

తరవాత గ్రూపులోకి తిరిగి వెళ్ళాను. ఈసారి వినపడదని ముందే రాశాను. "ఇన్నేళ్ళూ చెప్పలేదేమమ్మా" అని లెక్చరరు గారు బాధపడ్డారు. ఒక వారం అందరూ వాయిస్ కింద రెండు ముక్కలు రాశారు, ఆపైన మరిచిపోయారు. ఇప్పుడు అక్కడ శుభోదయాలూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వీడియోలూ తప్ప వంటలు తక్కువ. లెక్చరరు గారు ఒక్కరే ఇప్పటికీ ఫుల్‌స్టాపులు పెట్టి రాస్తారు.

అత్త ఇప్పుడు వీడియోలు పెడుతుంది. చేప కడగడం, ముక్క కొట్టడం, పులుసు పెట్టడం. ఫోను రాసిచ్చినదాన్ని దిద్ది, కింద అక్షరాలు నేను వేస్తాను. మొదటి వీడియోలో ఆవిడ మధ్యలో ఆగి వాళ్ళ అత్తగారి గురించి ఏదో చెప్పింది. వంటకు సంబంధం లేదని అది వదిలేశాను. వాళ్ళ పక్కింటామె చదివి చెప్పిందట. వెంటనే మెసేజీ: "మా అత్త మాట ఎక్కడికి పోయింది? వినపడేవోళ్ళకి మొత్తం, నీలాటోళ్ళకి సగమా?"

అప్పటినుంచి అన్నీ వేస్తున్నాను. ఆవిడ దగ్గినా, వీధిలో ఎవరినో పలకరించినా వేస్తున్నాను. మొన్నటి వీడియోలో పిల్లి వచ్చి చేప తల ఎత్తుకుపోయింది. దాన్ని ఆవిడ తిట్టిన తిట్లు ఫోను రాయలేకపోయింది, అమ్మ విని ఒక్కొక్కటే చెప్పింది. చివరి తిట్టు దగ్గర మాత్రం అమ్మ పెదాలు గట్టిగా మూసుకుని, "అది నేను చెప్పను, కావాలంటే మీ అత్తనే అడుగు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.