రంగూను మాట కొట్టేసిన అర్జీ

మాది ఉంగుటూరు దగ్గర కౌలు బతుకు. నేను ఏలూరు మిషన్ బడిలో టీచరుద్యోగం వెలగబెడుతున్న రోజులవి. ధాన్యం ధర అడుగంటింది. ప్రపంచమంతా అలాగే ఉందని పేపర్లు రాసేవి గానీ, మా నాన్నకు తెలిసిన కారణం ఒక్కటే, రంగూను బియ్యం. బర్మా నుంచి ఓడల్లో వచ్చి మన బియ్యం కన్నా చవగ్గా అమ్ముడయ్యేవి.

బయటి బియ్యం మీద సుంకం వేయమని రైతుల తరఫున సర్కారుకి అర్జీ పెడదామన్నాడు తాడేపల్లిగూడెం రైసుమిల్లు యజమాని ఒకాయన. ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలని నాకు కబురు పెట్టాడు. కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు. ఆ మర్యాదకే సగం పడిపోయాను.

నేను రంగూను బియ్యం అనే రాశాను. ఆయన చదివించుకుని విన్నాడు.

"రంగూను మాట తీసేయండి టీచరమ్మగారూ. విదేశీ బియ్యం అంటే అందులో అన్నీ వచ్చేస్తాయి కదండీ."

నిజమేననిపించి కొట్టేశాను. సెలవుల్లో దెందులూరు దాకా తిరిగి రైతుల చేత వేలిముద్రలు వేయించాను. మొదటి ముద్ర మా నాన్నది. సుంకం పడితే ధర లేస్తుంది, అప్పటిదాకా ధాన్యం అమ్మొద్దని ఆయనకి చెప్పాను. అమ్మలేదు. కౌలు కట్టడానికి గడువు అడుక్కుని కూర్చున్నాడు.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. అర్జీ విదేశీ బియ్యం గురించట, బర్మా విదేశం కాదట. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో అదీ మన దేశం కిందే లెక్క. రంగూను పేరుంటే సుంకం వేసేవారని కాదు, కనీసం మేమేం అడిగామో వినేవారు.

ఆ కాగితం పట్టుకుని గూడెం వెళ్ళాను. మిల్లు ముందు రంగూను బస్తాలు దింపుతున్నారు. సరుకు ఆయనదే. సుంకం పడినా దానికి పోటీ వచ్చే వేరే దేశాల బియ్యం మీదే పడేది. నన్ను చూసి తడబడనైనా లేదు.

"చదువుకున్నవారు, మీకు తెలుసనుకున్నానండీ."

ఒళ్ళు మండిపోయింది. పచ్చి మోసగాడు! అయినా రోజూ బళ్ళో మ్యాపు మీద బర్మాని మన దేశంలో కలిపి పిల్లలకి చూపించింది నేనే.

ధర ఇంకా పడింది. గడువు దాటింది. పొలం వేరే వాళ్ళ చేతికి పోయింది.

"రంగూను అని రాశావా అమ్మా?" అని నాన్న ఒక్కసారే అడిగాడు.

"రాశాను నాన్నా," అన్నాను. కొట్టేశానని చెప్పే ధైర్యం లేకపోయింది.

ముద్రలు వేసినవాళ్ళు ఎవరు నిలదీసినా, "మా అమ్మాయి రాసిందండీ, వాళ్ళే వినలేదండీ," అని నా తరఫున దెబ్బలాడేవాడు, పోయేదాకా.