పాల డైరీ బోర్డు మీద పంచాంగం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మా ఊరి జనానికి లోకజ్ఞానం తక్కువనీ, దాన్ని పెంచే బాధ్యత నా ఒక్కడి నెత్తినే పడిందనీ. (లోకజ్ఞానమంటే నాకప్పట్లో ఫోన్‌లో కనిపించినదంతా.) ఆవని అనే ఊరికి అవతల మా పల్లెలో, పాల డైరీలో పాలు కొలిచి పట్టుకునే ఉద్యోగం నాది. గోడ మీది నల్లబోర్డులో సగం పాల ధర, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీని చూస్తూ ఊరుకోలేక ఒక పొద్దున ‘చరిత్రలో ఈ రోజు’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద ఎక్కడో సముద్రంలో ఓడ మునిగిన సంగతి చేర్చాను.

క్యూలో ముందున్న ఎనుముల అవ్వ (ఎనుములంటే గేదెలు, ఊళ్లో సగం ఆవిడవే) "ఏమి రాసినావప్పా?" అంది. చదివి వినిపించాను. "అయ్యో, ఎంతమంది పోయినారో! అట్లైతే ఈ పొద్దు నా దూడను సంతకు తోలేది వద్దు," అంది. అది ఎప్పుడో జరిగిందవ్వా అని మొత్తుకున్నా, "తేదీ ఇదే కదప్పా?" అని క్యాను పట్టుకుని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం సంతలో వడగళ్ల వాన. ఇంక చూసుకోండి! రాజెవడైనా గెలిచిన రోజు బోర్లు వేయించేవాళ్లు, రాజు చచ్చిన రోజు తల కూడా దువ్వుకునేవాళ్లు కాదు. గుడి పూజారి డైరీకే వచ్చి, "నా పంచాంగం ఎవురూ అడిగేది లేదు, నా పొట్ట కొట్టినావు గదరా," అని కళ్లెర్రజేశాడు. నాకేమో లోలోపల మహా గర్వం.

అంతలో శ్రీనివాసపురం వైపు మామిడి తోటలవాళ్ల అమ్మాయిని చూసి వచ్చాం. ఆ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. (చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నందుకని తరవాత తెలిసింది.) చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని అప్పుడే ఖాయం చేసుకున్నాను. వాళ్లమ్మా నాన్నా మా ఇల్లు చూడటానికి వస్తామన్న రోజు పొద్దున్నే ఫోన్ తీస్తే, భూకంపం! కొంచెం కిందికి జరిపితే యుద్ధం. ఇంకా కిందికి పోతే అగ్నిప్రమాదం, విమానం కూలడం, ఒక రాజుగారి తల తెగడం. ఆ తేదీన ప్రపంచంలో ఒక్కడంటే ఒక్కడు సుఖంగా అన్నం తిన్నట్టు లేదు. ఇది చదివితే మా ఊరివాళ్లు ఆ పెళ్లిమాటలు సాగనిస్తారా? చివరికి మహా తెలివిగా పాల ధర ఒక్కటే ఉంచి, మిగతాదంతా శుభ్రంగా తుడిచేశాను.

ఖాళీ బోర్డు చూసి ఊరు ఊరంతా గడగడలాడింది. "చెప్పలేనంత ఘోరం ఏదో ఉండాది, పిల్లోడు దాస్తా ఉండాడు," అని అవ్వ తేల్చేసింది. ఎవరూ ఆవులను కొట్టంలోంచి బయటికి వదల్లేదు. సరిగ్గా అప్పుడే అమ్మాయివాళ్ల కారు దారి అడగడానికి డైరీ ముందు ఆగింది. అవ్వ కిటికీలోంచి తల దూర్చి, "ఈ పొద్దు వద్దప్పా, ఎనక్కి పొండి. బోర్డులో ఏమీ లేదు," అంది.

కాబోయే మామగారు కిందికి దిగి, "ఏమప్పా, ఏమి కథ ఇది?" అని నన్ను నిలదీశారు. చేతులు కట్టుకుని, భూకంపం నుంచి రాజుగారి తల దాకా ఒక్కటీ వదలకుండా అప్పజెప్పాను. ఆయన అంతా విని గడ్డం గోక్కున్నారు. "ఒకటి మర్చిపోయినావు. నా పెండ్లి అయినాది గూడా ఈ తేదీనే. అదీ రాయి," అన్నారు.

అవ్వ ఆయన్ను వదిలేసి, కారులో కూర్చున్న ఆయన భార్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు తల్లీ. బాగుండావా?" ఊరంతా ఆవిడ నోటి వైపే చూసింది. నా బతుకంతా ఆ జవాబులోనే ఉంది. ఆవిడ మొగుణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి (ఎంతసేపు చూసిందనీ!), "ఏమో అవ్వా, గురక ఒకటి లేకుంటే ఇంగ అన్నీ బాగానే ఉండాయి," అంది. "అట్లైతే మంచి దినమే!" అని అవ్వ కారు తలుపు తెరిచింది.

పిల్లనివ్వడానికి వచ్చినాయన ముందు లోకంలోని చావులన్నీ వల్లించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. వాడికున్న ధైర్యం ఇప్పుడు నాకు లేదు. "బాగుండావా?" అని నా భార్యను అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వస్తుంది. జవాబు చెప్పడానికి వాళ్లమ్మ తీసుకున్నంత సేపు తనూ తీసుకుంటుందేమోనని, కాఫీ ఉందా అని అడిగి ఊరుకుంటాను.