మడత మీద మిగిలిన చోటు

దర్జీగారి కోడలి రాత ముత్యాల్లా ఉంటుంది. అందుకే యుద్ధానికి వెళ్లిన కొడుక్కి ఇంటిల్లిపాదీ రాయించే ఉత్తరం ఆమె చేతి మీదుగానే నడిచేది. కుట్టుమిషను పక్కనున్న బల్ల మీద ఆమె కాగితం పరిస్తే చాలు, మామగారు మొదలుపెట్టేవారు. వాన సంగతి, బల్లకి పట్టిన చెద సంగతి, తన నడుము కొలత తనే తప్పు చెప్పి తగువుకొచ్చిన బడిపంతులు సంగతి. ఆయన ఊపిరి పీల్చుకునే సందు చూసుకుని అత్తగారు అందుకునేవారు.

"ఫిరంగులు పేలేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకోమని రాయి. చలిగాలీ తగలదు."

శత్రువు వచ్చినా వినపడకూడదని కాబోలు ఆవిడ ఉద్దేశం! కోడలు నవ్వాపుకుని రాసేది.

ఇంతా అయ్యాక, రాసే మనిషికి మిగిలేది జిగురు అంటించే మడత మీద వేలెడంత చోటు. మామగారు పక్కనే కూర్చుని ఉండగా మొగుడికి ఏం రాస్తుంది? గడప దాటేటప్పుడూ ఉత్తరం ముగించేటప్పుడూ అందరూ అనే మాటే రాసేది. "ఉంటాను." సెలవు తీసుకోవడానికి అంతకన్నా చప్పని మాట లేదు.

అతను మాత్రం దాన్ని చప్పగా తీసుకోలేదు. అమ్మానాన్నలకి చెప్పాల్సినవన్నీ చెప్పి, తన ఉత్తరం మడత మీద చిన్న అక్షరాలతో "ఉండు" అని రాసేవాడు. అత్తగారికి అది వింతగా ఉండేది.

"ఇదేంటే, ఏదో రాయబోతూ మనల్ని ఆగమన్నాడు? తర్వాత ఏమీ రాయలేదే!"

కోడలి చెవులు ఎర్రబడేవి. గబగబా కాజాల పని చేతిలోకి తీసుకునేది.

అతను ఇక లేడని సైన్యం నుంచి కబురొచ్చిన రోజున ఆమె ఎవరిదో కోటుకి కాజాలు కుడుతోంది. అత్తగారు నేల మీద కూలబడి గుండెలు బాదుకున్నారు. మామగారు మిషను చక్రం పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆమె చేతిలో ఉన్న కాజా పూర్తిచేసి దారం కొరికింది. సూది గుచ్చుకుని కోటు లోపలి గుడ్డకి నెత్తురంటితే చన్నీళ్లతో తుడిచింది. ఏడుపు రాలేదు. రావాలి కదా అని ఎదురుచూసింది కూడా. చూడవచ్చినవాళ్లు "రాయిలా ఉంది చూడు" అని గుసగుసలాడుకున్నారు. వాళ్ల నోళ్లు మూయించేదెవరు? చేతులు పనిచేస్తున్నాయి, లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే.

కొన్నాళ్లకి లారీ నడిపే అన్నయ్య వచ్చాడు, పుట్టింటికి తీసుకెళ్తానని. అత్తమామలు ఉండమనలేదు. పడుచుపిల్ల, ఏ మొహం పెట్టుకుని ఆపుతాం అని వాళ్లలో వాళ్లు అనుకోవడం ఆమె చెవిన పడింది. ఆమెకి ఏదీ సరిగా ఆలోచన సాగడం లేదు. ఒక్కటే తెలుస్తోంది: తను వెళ్లిపోతే, అతనికి అన్నిసార్లు రాసిన మాట అబద్ధమైపోతుంది.

అన్నయ్య పెట్టె తీసుకెళ్లి లారీలో పెట్టాడు. ఆమె అత్తగారి ఎదుట నిలబడింది.

"ఉంటానత్తయ్యా."

అత్తగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. "మంచిదమ్మా. జాగ్రత్త. అమ్మని అడిగానని చెప్పు."

మామగారు తల తిప్పేసుకున్నారు. బయట హారన్ మోగింది.

తన మాటే తనకి అడ్డం తిరిగింది. వేరే మాట వెతికే ఓపిక ఆమెకి లేదు. వెళ్లి బల్ల ముందు కూర్చుంది. సగంలో ఆగిన చొక్కా ఒళ్లోకి లాక్కుని, సూదిలో దారం ఎక్కించబోయింది. దారం కొస చీలి ఎక్కలేదు.

"ఉంటాను" అంది మళ్లీ, తలెత్తకుండా.

అత్తగారు ఆమెనీ, ఒళ్లోని చొక్కానీ చూశారు. తర్వాత దగ్గరికొచ్చి, సూదీ దారం ఆమె చేతిలోంచి తీసుకుని, వెలుతురు వైపు పట్టుకుని కళ్లు చికిలించారు.

"ఉండు" అన్నారు.

అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపు.