ఉన్నదున్నట్టే నాలుగెకరాలు

చేన్లో పాము కనబడితే కట్టెతో లేపి అవతలి గట్టుకు విసిరేసి మళ్లీ పనిలో పడే మనిషి మా బాపు. అలాంటి మనిషి ఎనిమిదేళ్లపాటు ఒక్క కాగితానికి భయపడ్డాడు. అది హైకోర్టు నుంచి వచ్చిన కాగితం. దాన్ని చదివి ఆయనకు అర్థం చెప్పింది నేనే. ఆ చదవడంలో నేను చేసిన పని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వర్ని దగ్గర, నిజాంసాగర్ కాలువ కింద మాకు నాలుగెకరాలు. 'మాకు' అని అలవాటుకొద్దీ రాశాను గానీ, అది మాదా కాదా అన్నదే కేసు. ఒకప్పుడు ఆ భూమి ఒక దొరది. మా తాత కౌలుకు చేసేవాడు. దున్నేవాడికే భూమి దక్కాలన్న చట్టం కింద తాతను రక్షిత కౌలుదారుగా రాసుకున్నారు. హక్కు సర్టిఫికెట్టు మాత్రం వెంటనే రాలేదు, అది వచ్చేలోగా తాత చనిపోయాడు. తర్వాత దాన్ని బాపు పేరు మీద ఇచ్చారు. దొర కొడుకులు ఊరుకుంటారా? చచ్చినవాడి హక్కు వాడితోనే పోయిందని కేసు వేశారు. కింద మేం గెలిచాం, వాళ్లు పైకి పోయారు. చివరికి హైదరాబాదులో హైకోర్టు తేల్చాల్సింది ఒక్కటే: సర్టిఫికెట్టు చేతికి రాకముందే కౌలుదారు చనిపోతే ఆ హక్కు కొడుక్కి వస్తుందా, రాదా? రాదంటే మాకు రెండు గదుల ఇల్లు తప్ప ఇంకేమీ మిగలదు.

తాత ఇంకో రెండేళ్లు బతికుంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. ఈ విషయంలో నాయనమ్మ ఆయన్ను క్షమించలేదు. చేను మూలన ఆయన్ను బొందపెట్టిన చోట ఒక బండ ఉండేది. పగటిపూట అక్కడ కూర్చుని సద్ది తింటూ తిట్టేది.

"అన్నిట్ల తొందరే నీకు. కాగితం వచ్చేదాంక ఆగితే ఏం పోయింది?"

తిట్టడం అయ్యాక ఓ ముద్ద ఆయనకని బండ మీద పెట్టేది.

హైకోర్టు కాగితం వచ్చేనాటికి నేను బోధన్‌లో ఇంటరు మొదటి సంవత్సరం. మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరం గుర్తుపట్టేది నేనొక్కదాన్నే. ఓ సాయంత్రం బాపు నిజామాబాద్ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అంగీ లోపలి జేబులోంచి కాగితం తీశాడు.

"స్టేటస్కో వచ్చింది, ఏం భయం లేదు పో అన్నడు వకీలు సాబు. గట్ల అన్నడంటే ఏదో భయం ఉన్నట్టే గదా. నువ్వు సదువు బిడ్డా."

అసలు సంగతంతా అందులో ఒక్క వాక్యమే. డిక్షనరీ తీశాను. స్టేటస్కో అంటే ఉన్నది ఉన్నట్టు. తదుపరి ఉత్తర్వుల వరకు అలాగే ఉంచవలెను. మధ్యలో ఇంకో నాలుగు మాటలున్నాయి. వాటిలో 'పొసెషన్' అనే దానికి డిక్షనరీలో చాలా అర్థాలు ఇచ్చారు, దయ్యం పట్టడం కూడా ఒకటి. భూమికి దయ్యమేమిటి అనుకుని ఆ నాలుగు మాటలూ దాటేశాను. ఎదురుగా బాపు, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అమ్మ, గడప మీద నాయనమ్మ, ముగ్గురూ నా నోటికేసే చూస్తున్నారు. పదహారేళ్ల పిల్లకు అలాంటప్పుడు 'తెలియదు' అనే మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

"కోర్టు మళ్ల చెప్పేదాంక భూమి మీద ఉన్నది ఉన్నట్టే ఉంచాలట బాపూ. ఏదీ మార్చొద్దట."

"చెట్టు కొమ్మ కొట్టుకోవచ్చా?"

"ఉన్నది ఉన్నట్టే అంటే కొట్టొద్దనే గదా."

"మరి చెరుకో?"

"ఉన్న చెరుకే ఉండాలె."

ఎంత ధీమాగా చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మళ్లీ పోయి వకీలును అడగవచ్చు కదా అంటారేమో. వకీలు ముందు బాపు కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఆయన ఒకసారి పొమ్మన్నాక తిరిగి పోయి 'ఇంతకీ ఏముందందులో' అని అడగడం బాపు వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో చదువుకున్న బిడ్డ ఉండగా అడగాల్సిన అవసరమూ ఆయనకు కనబడలేదు.

దానికితోడు, వారం తిరక్కుండానే దొర కొడుకుల మనిషి స్కూటర్ మీద వచ్చి, కాలువ గట్టు మీద నిలబడి మా చేనును ఫోటోలు తీసుకున్నాడు. పోతూ పోతూ బాపుతో, "ఒక్క గడ్డపార దెబ్బ పడ్డా సరే, కోర్టు ధిక్కారం కింద లోపలేపిస్తం" అన్నాడు. ఒట్టి బెదిరింపే. కానీ నేను చెప్పిన అర్థానికి అది అచ్చంగా అతికింది. ఆ పూట బాపు అన్నం ముందు కూర్చుని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అక్కడినుంచి మా నాలుగెకరాలు ఆ ఫోటోలో ఉన్నట్టే ఉండిపోయాయి. చెరుకు నరికాక మోడు మళ్లీ చిగురిస్తుంది, దాన్ని కార్శి అంటారు. ఎవరైనా ఒకటి రెండు కార్శులు తీసి, మోళ్లు పెకలించి, వరో కొత్త చెరుకో వేస్తారు. బాపు నాలుగో కార్శి తీశాడు, ఐదో కార్శి తీశాడు. ఏటేటా గడ సన్నబడింది. బోధన్ ఫ్యాక్టరీ నుంచి పంట చూడ్డానికి వచ్చినతను, "ఏందన్నా, చెరుకా ఇది, కందికట్టెనా?" అని నవ్వాడు. బాపు నవ్వలేదు. గాలివానకు తుమ్మచెట్టు బండిబాటకు అడ్డంగా పడితే, దాన్ని పడ్డట్టే ఉంచాలా, లేపి నిలబెట్టాలా అని నన్నే అడిగాడు. నేను న్యాయమూర్తిలా చాలాసేపు ఆలోచించి, పడ్డట్టే ఉంచమన్నాను. చెదలు తినేసేదాకా ఎడ్లు దాన్ని చుట్టి పోయాయి. కాలువ నీళ్లకు గట్టు తెగినప్పుడు మాత్రం పూడ్చక తప్పలేదు. పూడ్చాక బాపు కొత్తమట్టి కనబడకుండా పాత గడ్డి తెచ్చి పరిచాడు. తర్వాత కాలువ గట్టెక్కి, స్కూటర్ మనిషి నిలబడ్డ చోటే నిలబడి, అక్కణ్ణుంచి ఎలా కనబడుతోందో చూసుకున్నాడు.

"కోర్టు మన పొయ్యి మీద గూడ స్టే ఇచ్చిందా ఏంది? ఇంటి గోడ కూలి ఏడాదాయె, లేపుదామంటే చెరుకు పైసలే లేవు" అని అమ్మ దెప్పేది. నవ్వేవాళ్లం. వీధిలో స్కూటర్ చప్పుడు వినబడితే ఆ నవ్వు ఆగిపోయేది. పోస్టుమన్ మా సందులోకి తిరిగితే బాపు మొహంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. మా ఇంట్లో గెలుపూ ఓటమీ తేలకముందే ఆ కార్యక్రమం మొదలైంది. కేసు లిస్టులోకి వచ్చిందని కబురొస్తే భయం, రాలేదంటే ఇంకో ఏడాది భయం.

ఐదో ఏడు ఎండాకాలంలో నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. నేను నిజామాబాద్‌లో డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఇంటికొచ్చి ఉన్నాను. నాలుక సరిగా తిరగకపోయినా ఆమె బాపును రోజూ ఒకటే అడిగేది.

"నన్ను మీ నాయిన పక్కకే పెట్టు కొడకా. గాడైతే మీరంత తిరుగుతుంటరు. వాగవతల నాకు భయమైతది."

వాగు అవతల ఉన్నది ఊరి శ్మశానం. బతికినన్నాళ్లూ ఎవరికీ జంకని ముసలిది దానికి జంకింది. "సరే అవ్వా" అనేవాడు బాపు. అంటూ నావైపు మాత్రం చూసేవాడు కాదు.

ఓ ఆదివారం పొద్దున ఆమె పోయింది. కోర్టుకు వేసవి సెలవులు. ఊళ్లో ఉన్న ఒక్క ఫోను నుంచి వకీలు ఇంటికి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. చుట్టాలు దిగారు. ఇద్దరు మనుషులు పారా గడ్డపారా భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డారు.

"ఏడ తవ్వాలె చెప్పన్నా, ఎండ ముదురుతున్నది."

బాపు ఆ గడ్డపార వంక చూశాడు. నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. రేకు సందుగలోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర అది అప్పటికే చిరిగిపోయింది.

"మళ్లొకసారి సదువు బిడ్డా. ఇప్పుడు పెద్ద సదువు సదివినవ్ గదా. మా అవ్వను అండ్ల పెట్టొచ్చా, పెట్టొద్దా, మంచిగ సూసి చెప్పు."

చదివాను. ఈసారి డిక్షనరీ అక్కర్లేకపోయింది. భూమి ఎవరి స్వాధీనంలో ఉందో, ఆ ఒక్క విషయంలో మాత్రమే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. నేను దాటేసిన నాలుగు మాటలకూ అదే అర్థం. కేసు తేలేవరకు మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టకూడదని, మా మేలు కోసం ఇచ్చిన కాగితం అది. చెరుకు గురించి గానీ, తుమ్మచెట్టు గురించి గానీ, గట్టు గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు. బొంద గురించీ లేదు.

ఇప్పుడు పెట్టొచ్చు అని చెప్పాలంటే ముందు ఐదేళ్ల సంగతి చెప్పాలి. సన్నబడ్డ చెరుకు, కూలిన గోడ, ఆయన తినకుండా లేచిన పూటలు అన్నీ నా నోట్లోంచి వచ్చాయని, ఆయన తల్లి శవం వాకిట్లో ఉండగా ఆయన మొహం చూసి చెప్పాలి. ఇంకో భయం కూడా వేసింది. పదహారేళ్లప్పుడూ నాకు ఇంతే నమ్మకంగా అర్థమైంది కదా, ఇప్పుడు చదివింది కూడా తప్పయితే? బొంద తవ్వాక ఆ స్కూటర్ మనిషి వచ్చి ఫోటో తీస్తే, భూమి పోతే? ఈ రెండో భయాన్ని చాలా ఏళ్లు సాకుగా చెప్పుకున్నాను. నన్ను పట్టుకున్నది మొదటిదే.

"పెట్టొద్దు బాపూ" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సందుగలో పెట్టి, తలుపు తీసుకుని బయటికి పోయి, "వాగవతల" అన్నాడు. మేనత్త గొల్లుమంది. మొగుడి పక్కన జాగా ఉండగా తల్లిని పరాయిదాన్లా పారేస్తున్నాడని అందరి ముందూ ఆయన్ను తిట్టింది. బాపు వంగి పాడె కట్టెలు సర్దాడు. ఎవరైనా నన్ను ఏమైనా అడుగుతారేమోనని నేను అమ్మ వెనక నక్కాను. ఎవరూ అడగలేదు.

మూడేళ్లకు తీర్పు వచ్చింది. కౌలుదారు హక్కు అతనితో పోదు, వారసులకు వస్తుంది అని. భూమి మాదైంది. బాపు మా అత్తగారింటికి వచ్చి నన్ను వెంటబెట్టుకుని, పేడాల డబ్బా పట్టుకుని నిజామాబాద్‌లో వకీలు ఆఫీసుకు పోయాడు. ఆ రోజు మొదటిసారి ఆయన ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు కోర్టుల గెలిపిచ్చిండ్రు సార్. కోర్టు చెప్పినట్టు మేం గూడ ఒక్క పుల్ల కదపలే. మా అవ్వ సచ్చిపోతే అండ్ల బొంద గూడ పెట్టలే."

వకీలు రాస్తున్నది ఆపాడు. "అదేంది? ఎవరు వద్దన్నరు?"

బాపు జేబులోంచి ఆ చిరుగుల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "గిండ్లనే ఉన్నది గదా సార్. నా బిడ్డ సదివి చెప్పింది."

వకీలు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. ఆయనకు అంతా అర్థమైంది. ఆయన ఒక్క మాటంటే చాలు, నేను మా బాపుకు మళ్లీ మొహం చూపించలేను.

"మంచి పని చేసినవ్ పెద్దమనిషీ" అన్నాడు ఆయన, కాగితం మడిచి బాపు చేతికిస్తూ.

తిరుగు బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. బోధన్ దాటాక నా తల మీద చెయ్యి వేశాడు.

"నువ్వు సదవకపోతే అవ్వను అండ్లనే పెడుతుంటి బిడ్డా. భూమి పోతుండె. నీ సదువే కాపాడింది."

"ఔ బాపూ" అన్నాను.