హరనాథ్‌గారి స్టార్ట్ బటన్

అమెరికాలోని మోరిస్‌విల్‌లో హరనాథ్‌గారు రిటైరైన ఇంజినీరు. చొక్కా జేబులో టెస్టర్ లేనిదే కాఫీకైనా కూర్చోరు. వైరు కనిపిస్తే చాలు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నాలిక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటారు. భార్య ప్రమోదకు మణికట్టు నొప్పి, కారు తాళంచెవి తిప్పడం కష్టం. అందుకని వారం రోజులు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, కొత్త కార్లలో అప్పుడప్పుడే వస్తున్న స్టార్ట్ బటన్‌ని తమ పాత కారుకి బిగించారు.

శనివారం పొద్దున ఆవిడ బటన్‌కి కుంకుమ బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచి, నొక్కింది. ఇంజిన్ ఠక్కున స్టార్టయింది. "చూశావా!" అన్నారాయన. ఆవిడ స్టీరింగ్ తిప్పబోతే అది కదల్లేదు. తాళంచెవి పెట్టి తిప్పితే తప్ప స్టీరింగ్ లాక్ విడవదన్న సంగతి ఆయన మరిచేపోయారు.

"ఆ లాక్ కూడా తీసేస్తాను, ఇంకో వారం టైమివ్వు," అన్నారు తల గోక్కుంటూ.

"వద్దులెండి. మీరూ ఎక్కండి," అంది ప్రమోద.

ఆయన పక్క సీట్లో కూర్చుని, వంగి తాళంచెవి తిప్పారు. నిమ్మకాయలు చితికాయి. అప్పట్నించీ గుడికీ, గ్రోసరీకీ, ఆవిడ స్నేహితురాళ్ళ ఇళ్ళకీ తాళంచెవి తిప్పడానికి ఆయన వెంట వెళ్తున్నారు. "ముప్పయ్యేళ్ళు పిలిస్తే రాని మనిషి!" అని ప్రమోద అందరికీ చెప్పి నవ్వుతుంది. ఆయనడిగిన ఆ వారం టైము మాత్రం ఇంతవరకూ ఇవ్వలేదు.